పంపేది ఎవరిని, ఎంత దూరం? ఆస్ట్రేలియా సైన్య చరిత్రలో తెగని పేచీ

క్లుప్తంగా: బలవంతంగా సైన్యంలో చేర్చుకున్న మనిషిని దేశం దాటించకూడదని ఆస్ట్రేలియా 1903లో చట్టం చేసుకుంది. ఆ దేశం చేసిన పెద్ద యుద్ధాలు మాత్రం దాదాపు అన్నీ దేశం బయటే జరిగాయి. టర్కీలోని గల్లిపోలి, 1916 నాటి ఓటింగ్, న్యూగినీ దీవిలోని కొకోడా, వియత్నాం లాటరీ ఈ రెండింటి మధ్య పుట్టిన ఘట్టాలే. చట్టంలోని ఆ గీత ఎప్పుడు పడింది, ఎలా పక్కకు జరిగింది, చివరికి ఎలా చెరిగిపోయింది అనేదే ఈ విశ్లేషణ.

మెల్‌బోర్న్‌లోనో సిడ్నీలోనో ఉంటున్న తెలుగు కుటుంబాలకు ఏప్రిల్ 25 సెలవు రోజు. ఇంకా చీకటి ఉండగానే ఊరి స్మారక స్తూపం దగ్గర జనం చేరతారు. బ్యూగిల్ మోగుతుంది. అందరూ మౌనంగా నిలబడతారు. దాన్ని ఆంజాక్ డే అంటారు. ఆంజాక్ అంటే ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ దళాల ఉమ్మడి పేరు. కొత్తగా వెళ్లినవాళ్లకు ఒక సందేహం రాక మానదు. 1915లో గల్లిపోలిలో ఆస్ట్రేలియా ఓడిపోయింది కదా, ఓటమి రోజును ఇంత నిష్ఠగా ఎందుకు పాటిస్తారు? ఇక ఆ దేశం మొహం చూడనివాళ్లకు కూడా తెలిసిన సంగతి ఇంకొకటి ఉంది. ఆస్ట్రేలియా సైన్యం ఈము పక్షుల చేతిలో ఓడిపోయిందని ఏళ్ల తరబడి సోషల్ మీడియాలో తిరుగుతున్న మీమ్ అది. ఒకటి కన్నీళ్ల కథ, ఇంకొకటి నవ్వుల కథ. రెండూ మొదలయ్యేది మాత్రం ఒకే చోట: ఇల్లు వదిలి దూర దేశానికి యుద్ధానికి వెళ్లినవాళ్లు తమంతట తాము వెళ్లినవాళ్లు కావడం దగ్గర.

1903లో గీసిన గీత

1901 జనవరి 1న ఆరు బ్రిటిష్ వలస రాజ్యాలు కలిసి ఒకే దేశమయ్యాయి. మార్చి 1న ఆ వలస రాజ్యాల చేతిలో ఉన్న చిన్నచిన్న దళాలు కేంద్ర ప్రభుత్వం కిందికి వచ్చాయి. ఆస్ట్రేలియా సైన్యం పుట్టినరోజుగా లెక్కించేది ఆ తేదీనే. అయితే అప్పటి సైన్యం అంటే పూర్తికాలపు సైనికులు కొద్దిమంది, మిగతావాళ్లంతా వేరే పనులు చేసుకుంటూ వారానికో నెలకో కవాతుకు వచ్చే పౌరులు. వీళ్లనే మిలీషియా అనేవారు.

1903లో వచ్చిన రక్షణ చట్టం ఈ పౌర సైనికుల చుట్టూ ఒక గీత గీసింది. తనంతట తాను ఒప్పుకుంటే తప్ప ఎవరినీ ఆస్ట్రేలియా హద్దులు దాటి యుద్ధానికి పంపకూడదు. మామూలు రోజుల్లో పూర్తికాలపు పదాతిదళాన్ని పోషించే వీలు కూడా చట్టం ఇవ్వలేదు. కారణాలు అంత గహనమైనవేమీ కావు. జీతాలిచ్చి పెద్ద సైన్యాన్ని పెంచితే ఖర్చు, పైగా అది పాలకుల చేతిలో కర్ర అవుతుందన్న అనుమానం. సముద్రం మీద కాపలాకు ఎలాగూ బ్రిటిష్ నౌకాదళం ఉంది.

అదే చట్టంలో అంతగా చర్చకు రాని ఇంకో నిబంధన ఉంది. యుద్ధరంగంలో ఆస్ట్రేలియా సైనికుడికి పడిన మరణశిక్ష అమలు కావాలంటే గవర్నర్ జనరల్ ఆమోదం తప్పనిసరి. అంతకు ముందు ఏడాదే, 1902 ఫిబ్రవరి 27న, దక్షిణాఫ్రికాలోని ప్రిటోరియాలో ఆస్ట్రేలియా నుంచి బోయర్ యుద్ధానికి వెళ్లిన మోరంట్, హ్యాండ్‌కాక్ అనే ఇద్దరు అధికారులను బ్రిటిష్ సైన్యం కాల్చి చంపింది. బందీలను చంపారన్నది వాళ్ల మీద నేరం. శిక్ష అమలయ్యాక గానీ ఆస్ట్రేలియా ప్రభుత్వానికి కబురు అందలేదు. వాళ్లు చేసింది తప్పా ఒప్పా అన్నది వేరే చర్చ. మన మనిషికి మరణశిక్ష వేస్తే చివరి సంతకం ఎవరిది అన్న ప్రశ్న మాత్రం అక్కడ గట్టిగా నిలబడింది. మొదటి ప్రపంచ యుద్ధంలో వంద మందికి పైగా ఆస్ట్రేలియా సైనికులకు మరణశిక్షలు పడ్డాయి. ఒక్కటి కూడా అమలు కాలేదు. అదే యుద్ధంలో పక్కనే పోరాడిన న్యూజిలాండ్ సైనికుల్లో ఐదుగురిని, కెనడా వాళ్లలో 25 మందిని కాల్చి చంపారు. తేడా అంతా ఆ సంతకం దగ్గరే వచ్చింది.

గల్లిపోలి: ఉన్న సైన్యం ఉండగానే కొత్త సైన్యం

1914 ఆగస్టులో బ్రిటన్ యుద్ధం ప్రకటించగానే ఆస్ట్రేలియా కూడా యుద్ధంలోకి వచ్చేసింది. ఉన్న సైన్యాన్ని పంపుదామంటే చట్టం ఒప్పుకోదు. అందుకని ప్రభుత్వం దాన్ని పక్కన పెట్టి, కేవలం స్వచ్ఛందంగా వచ్చినవాళ్లతో వేరే సైన్యాన్ని తయారుచేసింది. దానిపేరు ఆస్ట్రేలియన్ ఇంపీరియల్ ఫోర్స్. అందరూ పలికేది ఏఐఎఫ్ అని. నవంబర్ 1న పశ్చిమ తీరంలోని ఆల్బనీ రేవు నుంచి మొదటి ఓడల వరుస కదిలింది. బ్రిటన్ వెళ్లాల్సిన ఓడలు, టర్కీ జర్మనీ వైపున యుద్ధంలోకి దిగడంతో ఈజిప్టులో ఆగాయి.

గల్లిపోలి పక్కనున్న డార్డనెల్స్ జలసంధిని ఓడలతోనే దాటి ఇస్తాంబుల్ చేరదామన్న ప్రయత్నం 1915 మార్చి 18న దెబ్బతింది. ఒడ్డున ఉన్న కోటలను పట్టుకోకుండా ఓడలు కదలవని తేలాక, నేల మీద సైన్యాన్ని దింపే పథకం వచ్చింది. ఏప్రిల్ 25 తెల్లవారుజామున ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ దళాలు దిగిన చోట ఒడ్డు వెంటనే నిట్టనిలువు గుట్టలు. పైన ముస్తఫా కెమాల్ నడిపిన 19వ డివిజన్ వచ్చి ఎత్తులు పట్టుకుంది. ఆ తర్వాత ఎనిమిది నెలలు ఇరుపక్షాలూ కందకాల్లోనే ఇరుక్కుపోయాయి.

ఆగస్టులో జరిగిన రెండు పోరాటాలు ఆ ఎనిమిది నెలలకు నమూనా. లోన్ పైన్ దగ్గర టర్కీ కందకాలను ఆస్ట్రేలియన్లు పట్టుకున్నారు. ఒక్క ఆ పోరులోనే ఏడు విక్టోరియా క్రాస్‌లు, అంటే బ్రిటిష్ సైన్యపు అత్యున్నత శౌర్య పతకాలు, వచ్చాయి. ఆగస్టు 7న నెక్ అనే సన్నటి గుట్ట మెడ మీద, ఫిరంగులు అనుకున్న సమయానికి ఏడు నిమిషాల ముందే ఆగిపోయాయి. టర్కీ సైనికులు తీరిగ్గా తమ స్థానాల్లోకి తిరిగి వచ్చేశారు. అయినా నాలుగు వరుసల లైట్ హార్స్ (గుర్రపు దళం) సైనికులను ఒకదాని వెనుక ఒకటి పంపారు. రెండో వరుస లేచేటప్పటికే మొదటి వరుస గతి కళ్ల ముందు ఉంది.

అన్నిటికంటే నేర్పుగా జరిగింది వెనక్కి రావడమే. డిసెంబర్‌లో కందకాలు ఖాళీ చేస్తున్నప్పుడు, మనుషులు ఇంకా ఉన్నట్టు భ్రమ పుట్టించడానికి విలియం స్కర్రీ అనే సైనికుడు ఒక ఉపాయం కట్టాడు. పై డబ్బాలోంచి నీళ్లు చుక్కలు చుక్కలుగా కింది డబ్బాలోకి పడతాయి. కింది డబ్బా బరువెక్కి తుపాకీ ట్రిగ్గర్‌ను లాగుతుంది. మనుషులు ఓడెక్కాక కూడా తుపాకులు పేలుతూనే ఉన్నాయి. డిసెంబర్ 20 తెల్లవారేసరికి దాదాపు ప్రాణనష్టం లేకుండా ఆ ఒడ్డు ఖాళీ అయింది.

ఈ కథలో భారత సైనికులకు రావలసినంత పేరు రాలేదు. మొదటి రోజే ఆంజాక్ ఒడ్డున దిగిన ఫిరంగుల్లో కోహాట్, జాకబ్స్ అనే భారత మౌంటెన్ బ్యాటరీలు ఉన్నాయి. ఆ గుట్టల మీదికి నీళ్లు, తూటాలు మోసింది భారత కంచరగాడిదల దళమే.

గల్లిపోలిలో చనిపోయిన ఆస్ట్రేలియన్లు 8,141 మంది. టర్కీ వైపు మృతులు 80,000 దాటారు, బ్రిటన్ నష్టం 20,000 దాటింది. అంకెలు మాత్రమే చూస్తే ఈ యుద్ధం ముందుగా ఆస్ట్రేలియా కథ కాకూడదు. అయినా అలా అయింది. కొత్త దేశం తన పేరుతో చేసిన మొదటి పెద్ద యుద్ధం అది. పోయినవాళ్లంతా తమంతట తాము పేరు రాయించుకున్నవాళ్లు. వీటికి తోడు చాలామంది పట్టించుకోని మూడో కారణం ఒకటుంది: శవాలు ఇంటికి రాలేదు. సైనికులను చనిపోయిన చోటే పాతిపెట్టాలన్నది బ్రిటిష్ సామ్రాజ్యపు నియమం. మొదటి ప్రపంచ యుద్ధం మొత్తంలో పోయిన 60,000 మందికి పైగా సైనికులు ఆరు వారాల ఓడ ప్రయాణం అవతలే ఉండిపోయారు. తల్లిదండ్రుల్లో చాలామంది ఆ సమాధిని ఎన్నడూ చూడలేదు. దాంతో ప్రతి చిన్న ఊరూ చందాలు వేసుకుని, నడిబొడ్డున పేర్లు చెక్కించి ఒక రాయి నిలబెట్టుకుంది. ఏప్రిల్ 25న జనం చేరేది ఆ రాయి దగ్గరికే. దాన్ని విజయస్తంభం అనుకుంటే అర్థం కాదు, ఊరుమ్మడి సమాధి అనుకుంటే గెలుపోటముల సందేహమే రాదు.

యుద్ధాన్ని ఓటుకు పెట్టారు

గల్లిపోలి కంటే ఫ్రాన్స్‌లో జరిగింది చాలా ఎక్కువ. 1916 జూలై 19 రాత్రి ఫ్రోమెల్ దగ్గర ఒక్క డివిజన్ 5,533 మందిని కోల్పోయింది, మృతులు, గాయపడినవాళ్లు, బందీలు అందరూ కలిపి. నాలుగు రోజులకు పోజియేర్ పోరు మొదలైంది. ఆరు వారాల్లో 23,000 మంది దెబ్బతిన్నారు. ఈ లెక్కన స్వచ్ఛందంగా వచ్చేవాళ్లతో ఖాళీలు నిండవని ప్రధాని బిల్లీ హ్యూస్‌కు అనిపించింది. చట్టం అడ్డం. దాన్ని మారుద్దామంటే సెనేట్‌లో సొంత లేబర్ పార్టీ వాళ్లే ఒప్పుకోరు. అందుకే నేరుగా ప్రజల దగ్గరికి వెళ్లాడు.

1916 అక్టోబర్ 28న ఓటింగ్ జరిగింది. వద్దన్నవాళ్లు 51.6 శాతం. హ్యూస్ పార్టీ రెండుగా చీలింది. 1917 డిసెంబర్ 20న మళ్లీ అడిగితే వద్దన్నవాళ్లు 53.8 శాతానికి పెరిగారు. యుద్ధం మధ్యలో నిర్బంధ సైనిక సేవ కావాలా వద్దా అని ఒక ప్రభుత్వం జనాన్ని అడగడమే అరుదు. అడిగి రెండుసార్లు ఓడడం ఇంకా అరుదు.

వద్దన్నవాళ్లంతా యుద్ధ వ్యతిరేకులు అనుకుంటే పొరపాటు. కార్మిక సంఘాలకు తమ మనుషులను పంపి చవక కూలీలను తెస్తారన్న భయం. ఐరిష్ కాథలిక్కులకు 1916లో డబ్లిన్ తిరుగుబాటును బ్రిటన్ అణచిన తీరు మీద కోపం. రైతులకు కోతల వేళ పనివాళ్లు దొరకరన్న బెంగ. యుద్ధంలో ఉన్న సైనికులకూ ఓటు ఇచ్చారు. 1916లో వాళ్ల ఓట్లు అవుననే వైపు 72,399, వద్దనే వైపు 58,894. తోడుగా మనుషులు కావలసినవాళ్లలోనే ఇంతమంది వద్దనడం ప్రభుత్వం ఊహించనిది. అదే ఏడాది భారత సైనికులు మెసపొటేమియాలో వేలల్లో పోతున్నారు. వాళ్లను పంపాలా వద్దా అని మన దేశంలో ఎవరూ ఎవరినీ అడగలేదు.

ఓటు ఫలితం యుద్ధం చేసే పద్ధతినే మార్చింది. మనుషులు రాకపోతే ఉన్నవాళ్లను కాపాడుకోవాలి. 1918లో ఆస్ట్రేలియన్ కోర్ పగ్గాలు అందుకున్న జాన్ మొనాష్ వృత్తిరీత్యా ఇంజనీరు, మిలీషియా నుంచి పైకి వచ్చినవాడు. జూలై 4న హామెల్ అనే ఊరి మీద దాడిని వంతెన కట్టినట్టు ప్లాన్ చేశాడు. ట్యాంకులు ముందు, ఫిరంగుల తెర వాటికి ముందు, విమానాల నుంచి పారాచూట్లతో తూటాల సరఫరా. 90 నిమిషాలు అనుకున్న పని 93 నిమిషాల్లో అయింది. ఆగస్టు 8న ఆమియాన్ దగ్గర ఇదే పద్ధతి పెద్ద ఎత్తున నడిచింది. జర్మన్ సైన్యానికి అది చీకటి రోజని వాళ్ల జనరల్ లూడెన్‌డార్ఫే రాసుకున్నాడు.

పాలస్తీనాలో లైట్ హార్స్ కథ వేరే దారిలో నడిచింది. 1917 అక్టోబర్ 31న బీర్షెబా మీదికి 800 మంది దాకా, చేతిలో బాయ్‌నెట్లతో గుర్రాల మీద దూకి ఊరినీ, అక్కడి నీటి బావులనూ పట్టుకున్నారు. మరుసటి ఏడాది ఆ రంగంలో డెజర్ట్ మౌంటెడ్ కోర్‌ను నడిపింది ఆస్ట్రేలియన్ జనరల్ హ్యారీ షావెల్. ఆయన కింద ఉన్న భారత అశ్విక దళాల్లో జోధ్‌పూర్, మైసూరు లాన్సర్లతో పాటు హైదరాబాద్ నిజాం సంస్థానపు లాన్సర్లూ ఉన్నారు. తెలుగు నేల నుంచి వెళ్లిన దళం ఆస్ట్రేలియన్ ఆజ్ఞ కింద పనిచేసిన సందర్భం అది.

ఈముల మీద తుపాకులు: మీమ్ వెనుక అప్పులు

1932 నాటి ఈము యుద్ధాన్ని సైన్యం ఓటమిగా చెప్పడం సరదాకు బాగానే ఉంటుంది. వెళ్లింది మాత్రం ఒక మేజర్, ఇద్దరు సైనికులు. వాళ్ల దగ్గర ఉన్నవి రెండు లూయిస్ మెషిన్ గన్లు, 10,000 తూటాలు.

యుద్ధం నుంచి వచ్చిన స్వచ్ఛంద సైనికుల రుణం తీర్చుకోవడానికి ప్రభుత్వాలు వాళ్లకు భూములిచ్చి రైతులుగా స్థిరపరిచే పథకం పెట్టాయి. పశ్చిమ ఆస్ట్రేలియాలో చాలామందికి వాన తక్కువగా పడే, గోధుమ అంతంతమాత్రంగా పండే అంచు భూములు దక్కాయి. 1929 తర్వాత ప్రపంచ మాంద్యంలో గోధుమ ధర పడిపోయింది. ఇస్తామన్న సాయం చేతికి రాలేదు. సరిగ్గా అప్పుడే, పొదిగే కాలం ముగించుకుని లోపలి ప్రాంతాల నుంచి తీరం వైపు వచ్చే ఈములకు, చదును చేసిన పొలాలూ పశువులకు కట్టిన నీటి కుంటలూ కనిపించాయి. క్యాంపియన్ చుట్టుపక్కల 20,000 దాకా దిగాయని అంచనా. అవి కంచెలు విరిచేస్తే ఆ సందుల్లోంచి కుందేళ్లు దూరేవి.

రైతులు వెళ్లింది వ్యవసాయ శాఖ దగ్గరికి కాదు, రక్షణ మంత్రి జార్జ్ పియర్స్ దగ్గరికి. అదేమీ వింత కాదు. వాళ్లంతా మాజీ సైనికులు, మెషిన్ గన్ ఏం చేయగలదో కళ్లారా చూసినవాళ్లు. తూటాల ఖర్చు, భోజనం రైతులే పెట్టుకోవాలన్న షరతు మీద మేజర్ మెరెడిత్ నవంబర్ 2న పని మొదలుపెట్టాడు. ఈములు గుంపుగా నిలబడితే కదా! తుపాకీ మోగగానే చిన్న గుంపులుగా విడిపోయి తలో దిక్కుకు పరుగెత్తేవి. ఒక కుంట దగ్గర వెయ్యి పక్షులు వచ్చేదాకా కాచుకుని కాలిస్తే, డజను పడేసరికి తుపాకీ జామ్ అయింది. లారీ మీద ఎక్కిస్తే ఆ కుదుపులకు గురి కుదరలేదు. డిసెంబర్‌లో వెనక్కి పిలిచేసరికి 9,860 తూటాలకు 986 పక్షులు పడ్డాయని మెరెడిత్ లెక్క చెప్పాడు. ఒక్కో పక్షికి సరిగ్గా పది తూటాలు. అంత గుండ్రటి లెక్కను ఎంతవరకు నమ్మాలో చదివేవారి ఇష్టం.

తర్వాత ప్రభుత్వం సైన్యాన్ని వదిలి, చంపిన పక్షికి ఇంత అని రైతులకే బహుమతి ఇచ్చింది. 1934లో ఆరు నెలల్లోనే 57,034 పక్షులకు డబ్బు చెల్లించారు. పని జరిగింది అలా. ఈము పేరు చెప్పి అప్పుల పాలైన రైతులు తెలుగు నేల మీదా ఉన్నారు గనుక, 2012 నాటి ఈము ఫారాల పతనం గుర్తున్నవాళ్లకు ఆ మీమ్ చూస్తే పూర్తిగా నవ్వు రాకపోవచ్చు.

కొకోడా: ఒకే దేశానికి రెండు సైన్యాలు

1939లో మళ్లీ అదే చట్టం, మళ్లీ అదే ఏర్పాటు. విదేశాలకు వెళ్లడానికి రెండో ఏఐఎఫ్, ఇంటి కాపలాకు మిలీషియా. మొదటి ఐదు డివిజన్ల నంబర్లు అప్పటికే మిలీషియావి కాబట్టి కొత్త స్వచ్ఛంద డివిజన్లకు ఆరు నుంచి లెక్క మొదలైంది. ఏఐఎఫ్ వాళ్లు మిలీషియా వాళ్లను చాకోలని వెక్కిరించేవారు. ఎండ తగిలితే కరిగిపోయే చాక్లెట్ సైనికులని అర్థం. కోలా అనే ఆస్ట్రేలియా అడవి జంతువు పేరుతో ఇంకో వెక్కిరింత. ఎగుమతి చేయకూడదు, కాల్చకూడదు, చట్టం కాపాడుతుంది.

1941లో మంచి సైనికులంతా దూరాన ఉన్నారు. ఏప్రిల్ నుంచి నెలల తరబడి లిబియాలోని తోబ్రూక్ రేవును జర్మన్ సేనాని రోమెల్‌కు దక్కకుండా ఆపింది తొమ్మిదో డివిజన్. వాళ్ల పక్కన భారత 18వ అశ్వికదళం కూడా ఉంది. అంతలో జపాన్ యుద్ధంలోకి వచ్చింది. 1942 ఫిబ్రవరి 15న సింగపూర్ పడిపోయి దాదాపు 15,000 మంది ఆస్ట్రేలియన్లు బందీలయ్యారు. నాలుగు రోజులకు డార్విన్ మీద బాంబులు పడ్డాయి. పశ్చిమాసియా నుంచి తిరిగొస్తున్న ఏడో డివిజన్‌ను బర్మాకు మళ్లించమని చర్చిల్ పట్టుబట్టాడు. ప్రధాని జాన్ కర్టిన్ ఒప్పుకోలేదు. బ్రిటన్ అడిగితే కాదనని దేశం కాదంది.

జూలై 21న జపాన్ దళాలు ఆస్ట్రేలియాకు ఉత్తరాన న్యూగినీ దీవిలోని పపువా ఉత్తర తీరంలో దిగాయి. ఎదురు వెళ్లడానికి ముందుగా అందుబాటులో ఉన్నది మిలీషియా 39వ బెటాలియన్. చాకోలను అక్కడికి ఎలా పంపారు? పపువా అప్పటికి ఆస్ట్రేలియా పాలనలోని భూభాగం. కాబట్టి చట్టం ప్రకారం అది విదేశం కాదు. మిలీషియాను ఇంటి దగ్గర ఉంచడానికి గీసిన గీతే వాళ్లను ఓవెన్ స్టాన్లీ కొండల్లోకి చేర్చింది.

పపువా రాజధాని పోర్ట్ మోర్స్‌బీ వైపున్న ఓవర్స్ కార్నర్ నుంచి కొండలకు అవతల ఉన్న కొకోడా ఊరి దాకా 96 కిలోమీటర్ల కాలిబాట, చాలాచోట్ల ఒక్క మనిషి పట్టేంత వెడల్పు. అక్కడ పోరు తుపాకులతో కంటే తిండితో ఎక్కువగా నడిచింది. కొండవాసులైన మోతగాళ్లు లేకుండా ఏదీ కదలదు. ఆ బాట బాగా తెలిసిన బెర్ట్ కీంజిల్ లెక్క వేశాడు: ఒక మోతగాడు తిండి మాత్రమే మోసుకెళ్తే, 13 రోజుల్లో ఆ మూటను తానే తినేస్తాడు. ఎంత లోపలికి వెళ్తే సైనికుడికి చేరేది అంత తక్కువ. ముందుకొస్తున్న జపాన్ వాళ్లకూ ఇదే లెక్క వర్తించింది. ఆగస్టు చివర ఇసురావా దగ్గర 39వ బెటాలియన్ పట్టు విడవకుండా నిలబడింది, ఏఐఎఫ్ బెటాలియన్లు వచ్చి కలిశాయి. తర్వాత ఇద్దరూ పోరాడుతూనే వెనక్కి జరిగారు. సెప్టెంబర్ మధ్యకు జపాన్ దళాలు పోర్ట్ మోర్స్‌బీ కనుచూపు మేరకు వచ్చాయి, అప్పటికి వాళ్ల తిండి అయిపోయింది. సాలమన్ దీవుల్లోని గ్వాడల్‌కెనాల్‌లో పరిస్థితి బాగోక పైనుంచి వెనక్కి రమ్మన్నారు. నవంబర్ 2న కొకోడా మళ్లీ ఆస్ట్రేలియా చేతికి వచ్చింది. 600 మందికి పైగా ఆస్ట్రేలియన్లు చనిపోయారు. జబ్బుపడినవాళ్లు అంతకు ఎన్నో రెట్లు.

నవంబర్ 9న ప్రధాన సేనాని బ్లేమీ ఆ కొండల్లోంచి వచ్చిన బ్రిగేడ్‌ను వరుసగా నిలబెట్టి, పరుగెత్తే కుందేలుకే తూటా తగులుతుందన్న అర్థం వచ్చేలా మాట్లాడాడు. ఆ మాటను సైనికులు ఎప్పటికీ క్షమించలేదు. అయితే ఆ బాట మీద ఇంకోటి జరిగింది. చాకో అన్న తిట్టు అక్కడే పదును పోగొట్టుకుంది.

చట్టంలోని గీతను పక్కకు జరిపింది కర్టినే. 1916లో నిర్బంధ సేవను ఎదిరించి కొద్ది రోజులు జైల్లో ఉన్న మనిషి, 1943 ఫిబ్రవరిలో మిలీషియాను భూమధ్యరేఖ దాకా, నైరుతి పసిఫిక్‌లో గీసిన ఒక మండలంలోకి పంపేలా చట్టం తెచ్చాడు. అమెరికా తన నిర్బంధ సైనికులను ఆస్ట్రేలియా రక్షణకు పంపుతుంటే, ఆస్ట్రేలియా తన వాళ్లను పక్క దీవికి కూడా పంపనంటే వినడానికి బాగోదు. సొంత పార్టీలో పాత మిత్రులు ఆయన్ను ద్రోహి అన్నారు.

పుట్టినరోజు లాటరీ

యుద్ధం తర్వాత మొదటిసారి పూర్తికాలపు పదాతిదళం ఏర్పడింది. 1948లో దానికి రాయల్ ఆస్ట్రేలియన్ రెజిమెంట్ రూపు వచ్చింది. 1951 ఏప్రిల్ 23 నుంచి 25 వరకు కొరియాలో కాప్యాంగ్ లోయ దగ్గర దాని మూడో బెటాలియన్, కెనడా వాళ్లతో కలిసి చైనా దాడిని ఆపింది. 32 మంది చనిపోయారు. ఆ బ్రిగేడ్‌లో గాయపడినవాళ్లకు వైద్యం చేసింది భారత 60వ పారా ఫీల్డ్ ఆంబులెన్స్.

అసలు మలుపు 1964లో వచ్చింది. ప్రధాని మెంజీస్ 20 ఏళ్లు నిండే యువకులకు నిర్బంధ సేవ ప్రకటించాడు. అందరినీ తీసుకుంటే శిక్షణ ఇవ్వలేరు కనుక లాటరీ పెట్టారు. తేదీల నంబర్లు వేసిన చెక్క గోళీలను పీపాలో తిప్పి తీస్తారు. మీ పుట్టినరోజు గోళీ వస్తే రెండేళ్లు సైన్యంలో. మొదటి డ్రా 1965 మార్చి 10న తీశారు. 1964-65లో చట్టానికి చేసిన సవరణలతో, అరవై ఏళ్లుగా ఉన్న గీత చెరిగిపోయింది. నిర్బంధ సైనికుడిని దేశం దాటించవచ్చు. ఈసారి ఎవరినీ ఓటు అడగలేదు. పైగా అప్పట్లో ఓటు వయసు 21, పిలుపు వయసు 20.

8,04,286 మంది పేర్లు నమోదయ్యాయి, 63,735 మంది సేవలోకి వెళ్లారు, 15,381 మంది వియత్నాం చేరారు, దాదాపు 200 మంది తిరిగి రాలేదు. 1966 ఆగస్టు 18న లాంగ్ టాన్ రబ్బరు తోటలో 108 మంది, కుండపోత వానలో, తమకంటే ఎన్నో రెట్లు ఎక్కువ ఉన్న బలగాన్ని చీకటి పడేదాకా ఆపారు. వాళ్ల స్థావరం నుయ్ డాట్ నుంచి ఫిరంగులు మోగుతూనే ఉన్నాయి. హెలికాప్టర్లు దుప్పట్లలో చుట్టి తూటాలు జారవిడిచాయి. మర్నాడు 245 శత్రు శవాలు లెక్కపెట్టారు. ఆస్ట్రేలియా మృతులు 18 మంది, వాళ్లలో సగానికి పైగా లాటరీలో వచ్చినవాళ్లే. పోరాటంలో చాకోలకూ ఏఐఎఫ్‌కూ ఉన్న తేడా ఇక్కడ లేదు, అందరిదీ ఒకే యూనిఫాం. తేడా ఇంటి దగ్గర కనిపించింది. గోళీ ఎవరి వాకిట్లోనైనా పడొచ్చు కనుక యుద్ధం ప్రతి ఇంటి టెన్షన్ అయింది. 1970 మేలో మెల్‌బోర్న్ వీధుల్లోకి లక్ష మంది దాకా వచ్చారని అంచనా. 1972 డిసెంబర్‌లో గెలిచిన విట్లమ్ ప్రభుత్వం మొదట చేసిన పనుల్లో లాటరీ రద్దు ఒకటి. వియత్నాం నుంచి వచ్చినవాళ్లకు ఘనమైన స్వాగత కవాతు 1987 అక్టోబర్‌లో గానీ జరగలేదు.

జీతం సైన్యం వచ్చాక

అప్పటి నుంచి సైన్యంలో ఉన్నవాళ్లంతా ఇష్టపడి ఉద్యోగంగా చేరినవాళ్లు. 1903 చట్టం భయపడిన పూర్తికాలపు సైన్యం ఇదే. దాన్ని ఎక్కడికి పంపాలన్నా అడ్డు చాలా తక్కువ. 1999 సెప్టెంబర్‌లో తూర్పు తిమోర్‌కు అంతర్జాతీయ దళాన్ని జనరల్ కాస్‌గ్రోవ్ నడిపించినప్పుడు ప్రజల మద్దతు గట్టిగానే ఉంది. 2003లో ఇరాక్ విషయంలో లేదు. సెనేట్ ప్రధాని హోవర్డ్ మీద అవిశ్వాసం ప్రకటించినా, మంత్రివర్గ నిర్ణయంతో దళాలు వెళ్లాయి. విదేశీ యుద్ధానికి సైన్యాన్ని పంపడానికి పార్లమెంటు ఓటు అవసరం లేదు. అదే నిర్బంధ సేవ తేవాలంటే, 1992లో చేసిన సవరణ ప్రకారం, ఉభయ సభల ఆమోదం కావాలి. అంటే ప్రజాప్రతినిధుల సంతకం కావలసింది యుద్ధానికి కాదు, ఇష్టం లేనివాళ్లను తీసుకెళ్లడానికి.

దీనికి ఒక పర్యవసానం ఉంది. భారమంతా చిన్న బృందం మీద పడుతుంది. అఫ్గానిస్తాన్‌లో 41 మంది ఆస్ట్రేలియా సైనికులు చనిపోయారు. ప్రత్యేక దళాలవాళ్లు మాత్రం మళ్లీ మళ్లీ అక్కడికి వెళ్లారు. 2020 నవంబర్‌లో బయటికొచ్చిన బ్రెరిటన్ నివేదిక, 39 మంది అఫ్గాన్లను చట్టవిరుద్ధంగా చంపారనడానికి నమ్మదగిన సమాచారం ఉందనీ, 25 మంది సైనిక సిబ్బందికి ఇందులో ప్రమేయం ఉందనీ చెప్పింది. ఒకే మనుషులను అన్నిసార్లు పంపడం ఒక్కటే దీనికి కారణం అనలేం. లోపలి రహస్య సంస్కృతి, కింది స్థాయి నాయకుల పెత్తనం గురించి నివేదిక చాలా చెప్పింది. కానీ ప్రతి ఇంటికీ గోళీ భయం ఉన్న రోజుల్లో అడిగినన్ని ప్రశ్నలు, దాదాపు ఇరవై ఏళ్లు సాగిన ఈ యుద్ధంలో ఎవరూ అడగలేదు.

ఇప్పుడు సమస్య తిరగబడింది. చేరేవాళ్లు చాలడం లేదు. అందుకే 2024 జూలై నుంచి ఆస్ట్రేలియాలో స్థిరపడిన న్యూజిలాండ్ పౌరులకు, 2025 జనవరి నుంచి అక్కడ శాశ్వత నివాసం ఉన్న బ్రిటన్, అమెరికా, కెనడా పౌరులకు సైన్యంలో చేరే దారి తెరిచారు. ఆ జాబితాలో భారత్ లేదు. ఏప్రిల్ 25 తెల్లవారుజామున స్తూపం దగ్గర నిలబడే తెలుగు యువకుడికి శాశ్వత నివాసం మాత్రమే ఉంటే, ఆ రాయి మీది పేర్లకు నివాళి అర్పించవచ్చు. యూనిఫాం వేసుకోవాలంటే మాత్రం ముందు పౌరసత్వం తీసుకోవాలి.